క్యాటలిటిక్ కన్వర్టర్ల దొంగతనం

ఆపి ఉంచిన కారు కిందికి దూరి, పొగగొట్టం దారిలో ఉండే పొగశుద్ధి పరికరాన్ని విప్పుకొనో కోసుకొనో ఎత్తుకుపోవడమే క్యాటలిటిక్ కన్వర్టర్ల దొంగతనం. కారు ఉన్నచోటనే ఉంటుంది, అద్దం పగలదు, తాళం చెడదు. పొద్దున ఇంజను స్టార్టు చేసినప్పుడు ట్రాక్టరు మోత లాంటి చప్పుడు వస్తే తప్ప యజమానికి తెలియదు. దొంగకు కావలసింది ఆ డబ్బా ఇనుము కాదు, లోపలి పూతలో ఉండే ప్లాటినం, పల్లాడియం, రోడియం. అమెరికాలో 2020 నుంచి 2022 దాకా ఇది మామూలు బస్తీ నేరాల్లో ఒకటైపోయింది. మన దేశంలో ఎక్కువగా దెబ్బతిన్నది మారుతీ సుజుకీ ఈకో వ్యాను. గుజరాత్, మహారాష్ట్ర, ఢిల్లీ తర్వాత హైదరాబాదు నగరంలోనూ శివార్లలోనూ కన్వర్టరుతో కలిసి ఉండే ఈకో సైలెన్సర్లు పోయిన కేసులు బయటపడ్డాయి.

డబ్బా లోపల

పెట్రోలు ఇంజను వదిలే పొగలో ప్రధానంగా మూడు విషాలుంటాయి: కార్బన్ మోనాక్సైడు, సరిగా కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు. ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య అమర్చే స్టీలు డబ్బాలో కార్డియరైట్ అనే పింగాణీ దిమ్మె ఉంటుంది. దాని నిండా ఈ చివర నుంచి ఆ చివరకు తేనెపట్టులా సన్నని గదులు. ఆ గదుల గోడల మీద అల్యూమినా, సీరియం ఆక్సైడు కలిపిన పూత పూస్తారు. ప్లాటినం కుటుంబపు లోహాలు ఆ పూతలో కంటికి ఆనని రేణువులుగా చెదిరి ఉంటాయి. వేడి పొగ వీటిని తాకుతూ పోయేటప్పుడు ప్లాటినం, పల్లాడియం మొదటి రెండు విషాలను బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారుస్తాయి. నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్‌ను విడదీసే పని రోడియానిది. పరికరం బాగా వేడెక్కాక పొగలోని విషం తొంభై శాతానికి పైగా విరిగిపోతుంది.

రసాయన చర్యను నడిపిస్తూనే తాము ఖర్చు కాకపోవడం ఉత్ప్రేరకాల స్వభావం. దొంగతనానికి మూలం ఈ గుణమే. ఇంజను అరుగుతుంది, టైర్లు అరుగుతాయి, రంగు వెలుస్తుంది. లోహం మాత్రం పదేళ్ల కారులోనూ చాలావరకు అలాగే ఉంటుంది. ఒక కారులో మూడూ కలిపి కొన్ని గ్రాములకు మించవు కాబట్టి ఒక్క పరికరంతో ఎవడూ ధనవంతుడు కాడు. పది, వంద, వెయ్యి పోగైతేనే అది వ్యాపారం. అందుకే ఈ నేరంలో కోసేవాడి కంటే పోగుచేసేవాడు ముఖ్యుడు. ఆ సంగతి ముందుముందు చాలాసార్లు ఎదురవుతుంది.

పరికరం మన దాకా వచ్చిన దారి

ఫ్రాన్సు నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన ఇంజనీరు యూజీన్ హౌడ్రీ, లాస్ ఏంజెలెస్ పొగమంచు గురించి చదివి, 1950లలో కార్ల పొగకు ఉత్ప్రేరక పరికరం తయారుచేసి పేటెంటు పొందాడు. అది అప్పట్లో అక్కరకు రాలేదు. ఆనాటి పెట్రోలులో సీసం కలిపేవారు, సీసం తగిలితే ఉత్ప్రేరకం పని చచ్చిపోతుంది. 1970లో అమెరికా వాయుశుద్ధి చట్టాన్ని బిగించాక సీసం లేని పెట్రోలు రాక తప్పలేదు. 1975 మోడళ్ల నుంచి అక్కడి కొత్త కార్లలో చాలావాటికి కన్వర్టర్లు వచ్చాయి. మూడు విషాలనూ ఒకే డబ్బాలో విరిచే త్రీవే కన్వర్టర్‌ను ఎంగెల్‌హార్డ్ కంపెనీలో జాన్ మూనీ, కార్ల్ కీత్‌ల బృందం రూపొందించింది.

మన దేశంలో కథ 1995 ఏప్రిల్ 1న మొదలైంది. ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసు నగరాల్లో సీసం లేని పెట్రోలు అమ్మకం మొదలుపెట్టి, అక్కడ కొత్తగా అమ్మే కార్లకు కన్వర్టరు తప్పనిసరి చేశారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. తర్వాత భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాలు మెట్టు మెట్టుగా వచ్చాయి. నాలుగో మెట్టు 2010 ఏప్రిల్‌లో హైదరాబాదు సహా 13 నగరాలకు, 2017 ఏప్రిల్‌లో దేశమంతటికీ అమలైంది. ఐదో మెట్టు దాటేసి, 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా ఆరోది తెచ్చారు. ఆ తేదీ తర్వాత బీఎస్ 4 వాహనం అమ్మకూడదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులోనే తీర్పు చెప్పింది. ప్రమాణం బిగిసినకొద్దీ కన్వర్టరులో లోహం పాళ్లు పెరుగుతూ వచ్చాయి. 2020 నాటికి మన రోడ్ల మీద తిరిగే కొత్త పెట్రోలు కార్లలో అంతకు ముందెన్నడూ లేనంత విలువైన పూత చేరింది. సరిగ్గా అప్పుడే లోహాల ధర ఆకాశానికెక్కింది.

గనిలో ధర, వీధిలో దొంగ

ప్రపంచానికి అందే ప్లాటినంలో అత్యధిక భాగం, రోడియంలో ఇంకా ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా బుష్‌వెల్డ్ గనుల నుంచే వస్తాయి. పల్లాడియంలో పెద్ద వాటా రష్యాది. ఒడిశాలోని బౌలా-నువాసహి ప్రాంతంలో, తమిళనాడులోని సిట్టంపూండిలో మన భూగర్భ శాస్త్రవేత్తలు ఈ లోహాల జాడలు గుర్తించినా, దేశ అవసరాలు దిగుమతుల మీదే నడుస్తున్నాయి. రెండు మూడు దేశాల్లో ఒక కర్మాగారం మూతపడినా, ఒక యుద్ధం మొదలైనా ధర ఎగిరిపడే సరుకు ఇది.

రోడియం 2016లో ఔన్సు 700 డాలర్లకు లోపే దొరికేది. కాలుష్య ప్రమాణాలు చైనాలో, ఐరోపాలో, ఇక్కడా బిగిసి గిరాకీ పెరిగింది. దక్షిణాఫ్రికాలో ఉత్పత్తి తగ్గింది. 2021 మార్చికి రోడియం ఔన్సు ధర 30 వేల డాలర్ల దగ్గరికి చేరింది. ఔన్సు అంటే ఇక్కడ 31.1 గ్రాములు. ఆ రోజుల్లో గ్రాము రోడియం విలువ గ్రాము బంగారానికి పదహారు పదిహేడు రెట్లు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొన్ని రోజులకే, 2022 మార్చిలో పల్లాడియం ఔన్సు 3,000 డాలర్లు దాటింది. ఇవన్నీ లండన్, న్యూయార్క్ బజార్ల అంకెలు. అయినా ఆ అంకె పెరిగిన కొన్ని వారాలకే ఎక్కడో అపార్టుమెంటు సెల్లారులో రంపం చప్పుడు వినిపించేది. 2008లో ప్లాటినం ఔన్సు 2,200 డాలర్లు దాటినప్పుడు కూడా అమెరికాలో ఇలాంటి దొంగతనాలు ఒక్కసారిగా పెరిగి, ధర కూలాక తగ్గాయి. వీధి నేరాల్లో అంతర్జాతీయ సరుకుల బజారును ఇంత నమ్మకంగా అనుసరించేవి అరుదు.

అమెరికా అనుభవం

అమెరికా బీమా కంపెనీల తరఫున వాహన నేరాలను లెక్కగట్టే నేషనల్ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో ప్రకారం, కన్వర్టరు దొంగతనం మీద వచ్చిన బీమా క్లెయిములు 2020లో 16,660. 2022లో అవి 64,701. బీమా లేక, లేదా క్లెయిము చేసినా కలిసిరాదనుకొని ఊరుకున్నవాళ్లు ఈ లెక్కలో లేరు. క్లెయిములు ఎక్కువగా వచ్చిన రాష్ట్రాలు కాలిఫోర్నియా, టెక్సస్. రెండింటిలోనూ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు పాత టయోటా ప్రియస్ కొనుక్కొని, అపార్టుమెంటు బయట ఆరుబయటే నిలుపుకోవడం అక్కడ మామూలు. దొంగలు ఏరికోరి వెతికిందీ ఆ బండినే.

ప్రియస్ మీద, అందులోనూ 2004 నుంచి 2009 వరకు వచ్చిన రెండో తరం మీద, ఇంత గురి ఎందుకంటే అది హైబ్రిడ్ కారు. కొంత దారి బ్యాటరీ మీద పోతుంది కాబట్టి ఇంజను తక్కువ తిరుగుతుంది, కన్వర్టరు పూత తక్కువ చెడుతుంది. ఇంజను మాటిమాటికీ ఆగి చల్లారినా పొగ శుద్ధి కావాలి కనుక లోహం కూడా దండిగా వేశారు. కాలుష్యం తగ్గించాలని కొన్న కారే దొంగకు మేలిమి సరుకైంది. ఎత్తయిన పికప్ ట్రక్కులది వేరే కారణం: జాకీ లేకుండానే కిందికి దూరవచ్చు. 2020 కోవిడ్ నెలల్లో రోజుల తరబడి కదలకుండా పడి ఉన్న కార్లు దొంగకు ఇంకా కలిసొచ్చాయి.

దొంగకు దక్కేదానికీ యజమాని పోగొట్టుకునేదానికీ పొంతనే లేదు. నేషనల్ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో 2021లో చెప్పిన ప్రకారం, తుక్కు కొనేవాళ్లు ఒక్కో కన్వర్టరుకు 50 నుంచి 250 డాలర్లు ఇచ్చేవారు. కొత్తది వేయించుకోవడానికి యజమానికి వెయ్యి నుంచి మూడు వేల డాలర్లు అయ్యేది. కాలిఫోర్నియాలో పొగ ప్రమాణాలు దేశంలోకెల్లా కఠినం, రాష్ట్రం ఆమోదించిన విడిభాగమే వేయాలి. సరఫరా చాలక వారాల తరబడి కారు మూలన పెట్టుకున్నవాళ్లున్నారు. పాత కారు అసలు ధరే అంతంతమాత్రం అయితే బీమా కంపెనీ దాన్ని పూర్తి నష్టంగా తేల్చేసేది. రెండు నిమిషాల రంపం కోతతో నడిచే కారు తుక్కులో కలిసేది.

ఈ డబ్బాలు చివరికి ఎక్కడికి చేరుతున్నాయో 2022 నవంబరు 2న అమెరికా న్యాయశాఖ చెప్పింది. ఐదు రాష్ట్రాల్లో 21 మంది మీద అభియోగాలు మోపి, 54 కోట్ల 50 లక్షల డాలర్ల జప్తు కోరింది. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నుంచి దొంగ కన్వర్టర్లు న్యూజెర్సీలోని డీజీ ఆటో పార్ట్స్ అనే సంస్థకు చేరేవనీ, అక్కడ డబ్బా పగలగొట్టి లోపలి పొడిని తీసి లోహశుద్ధి కర్మాగారానికి అమ్మేవారనీ అభియోగం. అంత సొమ్ము చేతులు మారిన గొలుసులో కారు కింద పడుకున్న కుర్రాడు చిట్టచివరి కొస. అతణ్ని పట్టుకుంటే మర్నాడు ఇంకొకడు వస్తాడు.

నేరం ప్రాణాంతకంగానూ మారింది. 2022 మార్చి 31న హ్యూస్టన్ ప్రాంతంలో డ్యూటీలో లేని హారిస్ కౌంటీ డిప్యూటీ డారెన్ అల్మెండరెజ్, కిరాణా దుకాణం ముందు ఆపిన తన ట్రక్కు కింద దూరిన వాళ్లను అడ్డుకోబోయి తుపాకీ కాల్పుల్లో చనిపోయాడు. టెక్సస్ శాసనసభ 2023లో ఆయన పేరుతో చట్టం చేసి శిక్షలు పెంచింది, కన్వర్టర్లు కొనేవాళ్ల మీద రికార్డుల నిబంధనలు బిగించింది. కాలిఫోర్నియా 2022లో చేసిన చట్టాలు ఇంకో దారి పట్టాయి: విడి కన్వర్టరు ఎవరు అమ్మవచ్చో, ఎవరి దగ్గర కొనవచ్చో పరిమితం చేసి, ఏ కారుదో రాసి ఉంచడం తప్పనిసరి చేశాయి. ఇంగ్లండులో తుక్కును నగదుకు కొనడం ఇంకా ముందే, 2013 చట్టం నాటికే నిషిద్ధం. అయినా 2019 తర్వాత లండన్‌లో హోండా జాజ్, ప్రియస్ కార్ల కన్వర్టర్లు పెద్ద ఎత్తున పోయాయి. కాగితం మీద నిషేధం ఉన్నంత మాత్రాన కొనేవాడు మాయం కాడు.

ఈకో సైలెన్సరు

మన దేశానికి వస్తే కథంతా ఒకే బండి చుట్టూ తిరుగుతుంది. మారుతీ సుజుకీ 2010 జనవరిలో ఈకోను తెచ్చింది. బడిపిల్లల వ్యానుగా, పాల ప్యాకెట్ల బండిగా, కొరియరు వాహనంగా, అంబులెన్సుగా, పెళ్లి ట్రిప్పులకు టాక్సీగా అది పనికిరాని చోటు లేదు. 2023 నాటికి పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఇంజను ముందు సీట్ల కింద ఉండటం, బండి అడుగు నేలకు ఎత్తుగా ఉండటం, కన్వర్టరు, సైలెన్సరు ఒకే అమరికగా బోల్టులతో కింద వేలాడటం దొంగకు కలిసొచ్చాయి. పెద్ద కార్లలో చాలావాటికి కన్వర్టరు ఇంజనును అంటిపెట్టుకొని బానెట్ లోపలే ఉంటుంది. దాన్ని తీయాలంటే షెడ్డులో సగం పూట పని.

పోలీసు రికార్డుల్లో ఇవి సైలెన్సరు దొంగతనాలుగానే నమోదవుతాయి. గుజరాత్, మహారాష్ట్రల్లో 2020 తర్వాత బయటపడ్డ ముఠాల పద్ధతి అమెరికాలో కంటే తెలివైంది. చాలాచోట్ల రంపం వాడలేదు. పానాలతో బోల్టులు విప్పి మొత్తం అమరికను దించుకుపోయారు. కొన్ని కేసుల్లో ఖాళీ డబ్బానో పాతదానినో తిరిగి బిగించి వెళ్లారు. చప్పుడులో పెద్ద తేడా ఉండదు కాబట్టి యజమానికి నెలల తరబడి తెలియదు. మీటరు బోర్డులో ఇంజను దీపం వెలిగినప్పుడో, పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో అంకె దాటినప్పుడో అనుమానం వస్తుంది. అప్పుడు కూడా ‘పెట్రోలు బాగాలేదేమో’ అనుకొని ఊరుకున్నవాళ్లే ఎక్కువ ఉంటారు. మెకానిక్కులు, వర్క్‌షాపు పనివాళ్లు ముఠాలతో చేయి కలిపిన ఉదంతాలూ బయటపడ్డాయి. బండి సర్వీసుకు ఇచ్చినప్పుడే సరుకు మారిపోతే అది దొంగతనమని ఎవరు నిరూపించాలి?

డబ్బా దించాక దాని లోపలి పింగాణీ దిమ్మెను చితక్కొట్టి పొడి చేస్తారు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు దాన్ని ‘మట్టి’ అంటారు, కిలోల లెక్కన బేరం చేస్తారు. మట్టి అయిన మరుక్షణం ఆ సరుకుకు నంబరు లేదు, కంపెనీ పేరు లేదు, ఏ బండిదో చెప్పే గుర్తు లేదు. దిమ్మె చుట్టూ ఉండే పింగాణీ నారచాపను, ఆ పొడిని ముక్కుకు గుడ్డ కూడా లేకుండా గోదాముల్లో దంచేవాళ్ల ఊపిరితిత్తులకు జరిగే హాని ఎవరి లెక్కలోకీ రాదు.

మట్టి నుంచి లోహం

చట్టబద్ధమైన పునర్వినియోగం ఈ రంగంలో చిన్నదేమీ కాదు. ఏటా ప్రపంచానికి అందే ప్లాటినం, పల్లాడియాల్లో దాదాపు నాలుగో వంతు పాత కన్వర్టర్ల నుంచి తిరిగి రాబట్టినదే. బెల్జియంలోని హొబోకెన్‌లో యూమికోర్, బ్రిటన్‌లో జాన్సన్ మాథీ వంటి సంస్థలు ఈ పనిలో పేరుమోసినవి. పొడిని వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కరిగించి, రాగి వంటి మరో లోహంలోకి ఈ లోహాలను లాగి, ఆమ్లాలతో ఒక్కొక్కటిగా వేరుచేస్తారు. ఇంటి వెనక షెడ్డులో సాధ్యమయ్యే పని కాదిది. కాబట్టి దొంగిలించిన మట్టి అంతా ఏదో ఒక చోట మంచి మట్టితో కలవాల్సిందే, బిల్లున్న సరుకులా కనబడాల్సిందే. నేరం మొత్తంలో ఇరుకైన సందు అదొక్కటే. కారు కింద చీకట్లో వేలమంది దూరగలరు, కొలిమి గేటు దాటగలిగేవాళ్లు కొద్దిమంది.

ఆ సందును కాపలా కాయడానికి ఇక్కడ ఏర్పాట్లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. గుర్తింపు పొందిన వాహన తుక్కు కేంద్రాల నిబంధనలు 2021లో వచ్చాయి. కాలం తీరిన వాహనాల బాధ్యతను తయారీదారు మీద పెట్టే పర్యావరణ నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. కానీ మన పాత బండ్లు అత్యధికం ఇంకా ఊరి చివరి పాత ఇనుప సామాన్ల దుకాణానికే చేరుతున్నాయి. అక్కడ తూకం, నగదు, నమ్మకం తప్ప కాగితం ఉండదు.

చట్టం ఏమంటుంది

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను ప్రకారం దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు. ప్రయాణికులనో సరుకునో మోసే వాహనం నుంచి వస్తువు దొంగిలిస్తే 305వ సెక్షను కింద అది ఏడేళ్ల దాకా పెరుగుతుంది. టాక్సీగా, స్కూలు వ్యానుగా తిరిగే ఈకో విషయంలో ఫిర్యాదు రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోదగ్గది. మరో చిక్కు ఉంది. పోయిన సొత్తు విలువ ఐదు వేల రూపాయల లోపైతే, మొదటిసారి దొరికిన దొంగ సొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్షతో సరిపెట్టే వెసులుబాటు కొత్త చట్టంలో ఉంది. పోయిన డబ్బాకు పాత ఇనుము ధర కడితే కేసు అక్కడికే కుదించుకుపోతుంది. కొత్త విడిభాగం ధర కడితే వ్యవహారం వేరు. పంచనామాలో విలువ ఎలా రాస్తారన్నదే ఇక్కడ సగం న్యాయం.

దొంగసొత్తని తెలిసి కొన్నవాడికి 317వ సెక్షను కింద మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. అదే వ్యాపారంగా పెట్టుకున్నవాడికి పదేళ్లు, యావజ్జీవం దాకా అవకాశముంది. అయితే తెలిసే కొన్నాడని పోలీసులు రుజువు చేయాలి. మట్టి విషయంలో అది దాదాపు అసాధ్యం. రైల్వే సామాన్ల విషయంలో మన చట్టం ఇంతకంటే పదునైంది. 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం ప్రకారం, దొంగదన్న అనుమానం సహేతుకమైన రైల్వే సామాను ఎవరి దగ్గర దొరికితే వాళ్లే అది సక్రమంగా వచ్చిందని చూపించుకోవాలి, లేకుంటే ఐదేళ్ల దాకా జైలు. విద్యుత్తు చట్టం 2003లో కూడా తీగలు, సామాగ్రి దొంగతనానికి ఒక సెక్షను ఉంటే, ఆ దొంగసొత్తు పుచ్చుకున్నవాడికి వేరే సెక్షను ఉంది. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీసుకుపోయిన కేసులు తెలంగాణ రైతులకు కొత్తకాదు. కన్వర్టర్లకు అలాంటి ప్రత్యేక చట్టం మనకు లేదు. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో కావలసింది శిక్ష పెంపు కాదు, రుజువు భారాన్ని కొనుగోలుదారు మీదికి మార్చడం.

విచిత్రమేమంటే, కన్వర్టరు పోయిన బండిని నడిపితే యజమాని కూడా తప్పులో పడతాడు. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద కాలుష్య ప్రమాణం దాటిన వాహనానికి పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడవచ్చు. 2019 సవరణతో జరిమానా ఆ స్థాయికి చేరింది.

కాటారం దారిలో

నగరాలకు దూరంగా ఉండే దారుల్లో ఈ బెడద ఎలా ఉండగలదో చూడటానికి కాటారం ఒక ఉదాహరణ. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని ఈ ఊరు మంథని, భూపాలపల్లి, మహదేవపూర్ దారులు కలిసే కూడలి. కాళేశ్వరం వంతెన మీదుగా మహారాష్ట్రలోని సిరొంచకు పోయే 353సీ జాతీయ రహదారి ఇటే వెళుతుంది. ఈ దారిన ఎక్కువగా తిరిగేవి గోదావరి ఇసుక లారీలు, భూపాలపల్లి గనుల బొగ్గు టిప్పర్లు, పత్తి, మిర్చి మోసే డీసీఎంలు. డాబాల దగ్గర రాత్రిపూట నిలిపిన లారీల నుంచి డీజిలు, బ్యాటరీలు, స్టెప్నీ టైర్లు పోవడమే ఇలాంటి దారుల్లో పాత బెడద.

కన్వర్టరు దొంగ కంటితో చూస్తే ఈ బండ్లన్నీ ఒకటి కావు. పొలాల్లో తిరిగే మామూలు ట్రాక్టరులో అతనికి ఏమీ దొరకదు. బీఎస్ 4 లారీల్లో చాలావాటికి యూరియా ద్రావణంతో పనిచేసే పొగశుద్ధి వ్యవస్థ ఉంటుంది, అందులో ఈ విలువైన లోహాల పాత్ర తక్కువ. 2020 తర్వాతి బీఎస్ 6 లారీలో డీజిలు పొగకు వేరే ఉత్ప్రేరకం, మసిని పట్టే జల్లెడ, యూరియా గది మూడూ ఉంటాయి. మొదటి రెండింటి పూతలో ప్లాటినం, పల్లాడియం వాడతారు. దొంగతనం మోటారు సైకిళ్ల దాకా రాకపోవడానికి కారణం తేలికే: సైలెన్సరులో ఇమిడిన చిన్న ముక్కలో గ్రాములో కొంత భాగమే దొరుకుతుంది. డీజిలు జీపులు, బొలెరోలు ఎక్కువగా ఉండే ఈ ప్రాంతంలో దొంగ చూపు పడేది పెట్రోలు వ్యాన్ల మీద, కాళేశ్వరం ట్రిప్పులు కొట్టే టాక్సీల మీద.

ఇక్కడ కార్లు వందలుగా ఒకేచోట నిలిచే సందర్భాలూ ఉన్నాయి. కాళేశ్వరంలో శివరాత్రి ప్రతి ఏడాదీ వస్తుంది. 2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతీ పుష్కరాలు జరిగినప్పుడు కాళేశ్వరం దారి పొడవునా చదును చేసిన మైదానాలే పార్కింగు స్థలాలయ్యాయి. పెద్దపల్లి, మంచిర్యాల వైపు నుంచి మేడారం జాతరకు పోయే బండ్లూ ఈ కూడలి దాటుతాయి. స్నానానికో మొక్కుకో వెళ్లినవాళ్లు గంటల తరబడి తిరిగి రారు. మైదానంలో కాపలా ఉన్నా ఎవరు ఏ బండి కిందికి ఎందుకు వంగారో చూసే తీరిక ఎవరికుంటుంది? పంక్చరనో ఆయిలు కారుతోందనో చెబితే నమ్మేస్తారు. ఇలాంటి చోట్ల పార్కింగు కాంట్రాక్టరు చేత సీసీ కెమెరాలు పెట్టించడం, రాత్రి దీపాలు ఉంచడం, బండి కింద పనిచేసే మెకానిక్కుకు చిట్టీ ఉండాలని నియమం పెట్టడం పెద్దగా ఖర్చులేని జాగ్రత్తలు.

జాగ్రత్తలు, ఆ తర్వాత

అమెరికాలో ప్రియస్ యజమానులు కన్వర్టరు కింద అల్యూమినియం పలకలు, స్టీలు తీగల పంజరాలు బిగించుకున్నారు. కన్వర్టరు మీద కారు చాసిస్ నంబరు చెక్కించడం, ముదురు రంగు పూయడం కొన్నిచోట్ల పోలీసులే ఉచితంగా చేశారు. నంబరున్న డబ్బాను కొనడానికి తుక్కు దుకాణం వెనకాడుతుంది, అదే దాని లాభం. మన దగ్గర ఈకోకు ఇలాంటి కాపు పలకలు విడిభాగాల దుకాణాల్లో అమ్ముతున్నారు. గోడకు ఆనించి నిలపడం, రాత్రి గేటు లోపల పెట్టడం, సర్వీసుకు ఇచ్చే ముందు బండి అడుగును సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోవడం చాలామందికి సాధ్యమయ్యే పనులు.

పోయిందని తెలిస్తే బండి నడపకుండా ఆపేయాలి. నేలకు దగ్గరగా కోసేసిన గొట్టం నుంచి వేడి పొగ క్యాబిన్‌లోకి రావచ్చు, కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. ఫొటోలు తీసుకొని పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయాలి, ఎఫ్‌ఐఆర్ నకలు లేకుండా బీమా క్లెయిము ముందుకు సాగదు. సమగ్ర బీమా పాలసీ వాహన భాగాల దొంగతనాన్ని కవరు చేస్తుంది, వాహనం వయసును బట్టి తరుగు కోత ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఒక్క రూపాయి రాదు. పల్లెల్లో తిరిగే పాత టాక్సీల్లో చాలావాటికి ఉండేది ఆ థర్డ్ పార్టీయే.

అక్కడి నుంచి యజమాని ముందు రెండు దారులుంటాయి. కంపెనీ విడిభాగానికి పదుల వేల రూపాయలు కావాలి. మెకానిక్ షెడ్డులో అంతకంటే చాలా తక్కువ ధరకే, బిల్లు లేకుండా, ‘వాడిన ఒరిజినల్’ దొరుకుతుంది. ఆ డబ్బా మరో బండి నుంచి వచ్చి ఉండవచ్చు, లేదా పైకి కొత్తగా కనిపిస్తూ లోపల ఖాళీగా ఉండవచ్చు. రోడియం ధర 2023 చివరికి ఔన్సు నాలుగైదు వేల డాలర్లకు పడిపోయాక అమెరికాలో క్లెయిములు తగ్గుముఖం పట్టాయి. ఇక్కడ వాడిన విడిభాగాల బజారుకు ఆ ధరతో అంత సంబంధం లేదు. ఈకోలు రోడ్డు మీద తిరుగుతున్నంత కాలం, బిల్లు అడగకుండా చవక డబ్బా బిగించుకునే గిరాకీ మిగిలే ఉంటుంది. ఆ గిరాకీలో నిన్న సైలెన్సరు పోగొట్టుకున్నవాళ్లూ ఉంటారు.